నాది తప్పు అనేటోళ్లు

మా ఇంట్ల ఎవరూ నాతోని వాదన పెట్టుకోరు. పెండ్లయిన కొత్తల గిది నా అదృష్టమనే అనుకున్న. మా ఆయన నెమ్మదస్తుడు, మాట తూలడు. నేనేమన్నా "నువ్వన్నదే కరెక్టు" అంటడు. కూరల ఉప్పు ఎక్కువైందన్నా గదే మాట, ఎలక్షన్ల ఎవరికి ఓటెయ్యాలె అన్నా గదే మాట. "అట్ల కాదు, నీ మనసుల ఏమున్నదో చెప్పు" అని వెంటపడితె, "నీతోని ఎవరు గెలుస్తరే" అని నవ్వుకుంట గోదాంలకు పోతడు. మంచోడు, నేను కాదంటలేను. కని మనిషన్నంక ఎదురొక మాట రావాలె గదా. అది రాకపోతె నోరు ఉండి లాభమేంది?

జనగామల మాది కిరాణా హోల్‌సేల్ దుకాణం. పప్పులు, బెల్లం, నూనె డబ్బలు. గల్లా కాడ కూసునేది నేనే. పొద్దుగాల చుట్టుపక్కల ఊర్లనుంచి చిన్న దుకాణాలోళ్లు వచ్చి సామాన్లు ఆటోలకెక్కించుకోని పోతరు. పగటి అన్నాలైనంక ఇగ ఈగలు తోలుకునుడే. ఆ యాళ్లనే నాకు ఫోన్ పట్టుకునుడు అలవాటైంది.

మా తల్లిగారిది జఫర్‌గఢ్. అక్కడ మా బాపు దుకాణం అరుగు మీద పేపర్ పరుచుకోని కూసోని, కావాలని నాతోని కయ్యం పెట్టుకునేటోడు. "రాకెట్లు పంపే పైసలతోని ఊరూరికి బోర్లు ఎయ్యరాదె?" అనేటోడు. నేను కాదనాలె. నేను గట్టిగ కాదని, ఇగ బాపు ఒప్పుకునేటట్టున్నడు అనంగనే, సప్పుడు కాకుండ నా పక్కకొచ్చి నేను చెప్పిందే తను చెప్పేటోడు. అప్పుడు నేను రాకెట్లు వద్దనాలె. "ఆడివిల్లకు గంత నోరేంది, రేపు అత్తగారింట్ల ఎట్ల బతుకుతది" అని మా అవ్వ మొత్తుకుంటె, "ఉండనియ్యె, నాకు మంచిగ పొద్దుపోతాంది" అనేటోడు. బాపు పోయినంక ఆ కయ్యానికి నేను ఎంత మొఖం వాచిపోయిన్నో నాకే తెలుసు.

ఫోన్ల మొదలు నేను దొరకబట్టింది ఒక పెద్ద తెలుగు చర్చల సైటు. అక్కడ అన్నిటి మీద కొట్లాటలే. మిక్సీ మంచిదా గ్రైండర్ మంచిదా కాడికెళ్లి, సెల్ టవర్లతోని పిట్టలు సచ్చిపోతున్నయా లేదా దాక. ఒకసారి నేను కరెంటు మీటర్ల మీద రాసిన. రాసిందాని మీద ఒక్కడు మాట్లాడలే. "గిట్ల, గది అంటడేంది వీడు, సినిమాల కామెడీ చేస్తున్నడా" అని ఒకడు, దాని కింద నవ్వే బొమ్మలు వరుసగ. నాకు ఏడుపు రాలే, మండింది. గప్పుడే మానుకోట నుంచి ఒకాయన ఈ యాసల రాసే మా అసొంటోళ్లందరికి మెసేజ్ పెట్టిండు. "వీళ్లతోని మనకెందుకు, మనది మనం వేరే గ్రూపు పెట్టుకుందాం రాన్రి" అని. మహబూబాబాద్ అని బోర్డుల మీదనే ఉంటది గని, మేం మానుకోట అనే అంటం.

గ్రూపుల జనగామ, మానుకోట, భూపాలపల్లి దిక్కోళ్లు చేరిన్రు. మానుకోటాయన మొదటి రోజే ఒక పద్ధతి పెట్టిండు. ఎవరూ పేరు చెప్పొద్దు. పేరు చెప్తె ఇంటిపేరు అడుగుతరు, ఇంటిపేరు చెప్తె కులం తెలుస్తది, కులం తెలిసిందంటె ఇగ ఫ్యాన్ గురించి మాట్లాడినా పార్టీ గురించే మాట్లాడుతున్నవంటరు. అందుకని ఎవరి ఊరి పేరుతోని వాళ్లనే పిలుసుకునుడు. మానుకోట అన్న, మొగుళ్లపల్లి అన్న, మహదేవపూర్ అన్న. నేను జనగామ అన్నను. ఆడామె ఉంటదని వాళ్లకు తట్టనే లేదు. నన్ను ఎవరూ అడగలే, నేనూ చెప్పలే.

ఇంకో పద్ధతి కూడ ఉండె. ఎవరినన్న కాదనాల్నంటె, ముందుగాల వాళ్లు ఏమన్నరో నీ మాటల్ల నువ్వు చెప్పాలె. వాళ్లు "ఔ, నేనన్నది గదే" అన్నంకనే నువ్వు తప్పనాలె. చెప్పనీకి అలకగనే ఉంటది, చేస్తె తెలుస్తది అదెంత కష్టమో. సగం కొట్లాటలు అక్కన్నే సల్లారిపోయేటియి.

మహదేవపూర్ తోని నా మొదటి లొల్లి ఫ్యాన్ మీద. ఫ్యాన్ ఒకటి మీద పెట్టినా ఐదు మీద పెట్టినా కరెంటు బిల్లు అంతే వస్తదని నేను రాసిన. చిన్నప్పటి నుంచి విన్న మాట, అనుమానమే లేదు నాకు. పద్ధతి ప్రకారం నా మాట నాకు చెప్పి, ఔననిపించుకోని, ఇగ అందుకున్నడు. "జనగామా, నీది తప్పు. నీ ఇంట్ల పాత డబ్బ రెగ్యులేటర్ ఉన్నట్టుంది. ఫ్యాన్ తక్కువ మీద పెట్టి దాని మీద చెయ్యి పెట్టు. వేడిగుంటది. ఫ్యాన్ తాగని కరెంటు అండ్ల కాలిపోతాంది. కొత్త రకం చిన్నది వెట్టు, గప్పుడు మాట్లాడు." కోపంతోని లేచి, దుకాణంల ఉన్న డబ్బ మీద చెయ్యి పెట్టిన. ఉడుకుతాంది. ఒళ్లు మండిపోయింది. కని అబద్ధమెందుకు, బాపు పోయినంక గంత సంతోషం నాకెన్నడు కాలే.

ఇగ అప్పటిసంది మాకు పగలు కొట్లాట లేంది గడవలే. ఆయన సార్ అని తర్వాత తెలిసింది. మహదేవపూర్ దిక్కు సర్కారు బడిల సైన్స్ చెప్తడు. బడిల పగటన్నం యాళ్ల ఆయనకు తీరుబడి, దుకాణంల నాకు తీరుబడి. ప్లాస్టిక్ కవర్లు బంద్ చెయ్యాలె అంటడు ఆయన. చేస్తె ఫ్యాక్టరీల కాడ చెయ్యాలె, దుకాణంల మీద పడుడేంది అంటిని నేను. దాని మీద నేనే గెలిచిన. "నీ గల్లా కాడికి వచ్చి ఒక్క పూట నిలబడితె నా తెలివి నాకొస్తదేమో" అని ఒప్పుకున్నడు. గోదావరి నీళ్లు మోటర్లతోని ఎత్తి మెరక మీది ఊర్లకు తెచ్చుడు మంచిదే అని నేను, మా జనగామల ఎండిన బోర్లు చూసినదాన్ని. "నది మా ముంగట పారుతది జనగామా, మా చెలకలు ఎండుతయి, ఆ లెక్క ఎవరు చెప్తరు" అని ఆయన. అది ఎటూ తెగలే. తెగకున్నా మంచిగనే ఉండె.

ఒక్కటి మాత్రం మరిచిపోలేను. బడిల చదువు తెలుగుల ఉండాల్నా, ఇంగ్లీషుల ఉండాల్నా అని ఒకసారి పడ్డది. పిల్లలకు తల్లి భాషలనే చెప్పాలె, గప్పుడే బుర్రకెక్కుతది అని నేను చాన మంచిగ రాసిన్ననుకున్న. ఆయన ముందుగాల నా మాట నాకే చెప్పిండు. నాకంటె మంచిగ చెప్పిండు. నేను ఔనన్న తర్వాత రాసిండు: "నేను తండాల పుట్టిన. బడికి పోయిన మొదటినాడు సారు ఏమంటున్నడో నాకు ఒక్క ముక్క తెల్వలే. నాకు తెలుగు కూడ పరాయి భాషనే. నువ్వు తల్లి భాష అంటున్నవ్, ఎవరి తల్లి?" నేను ఫోన్ పక్కకు పెట్టి పప్పు బస్తాల దిక్కు చూసుకుంట కూసున్న. మా దుకాణానికి తండాలోళ్లు వస్తరు, వాళ్లల్ల వాళ్లు వాళ్ల భాషల మాట్లాడుకోని, నాతోని తెలుగుల మాట్లాడుతరు. ఎన్నేండ్లసంది వింటున్న, ఒక్కనాడన్న నాకు గిది తట్టలే. నాకు తప్పు అని చెప్పినోడు లేడు కాబట్టి తట్టలే. మనిషికి గంతకంటె పెద్ద సాయం ఇంకొకలు ఏం చేస్తరు?

ఎవరన్న ఇంకో తీరుగ అనుకుంటరేమో, ముందే చెప్తున్న. నాకు ఆ మనిషి మొఖం కూడ తెల్వదు, తెలుసుకోవాలని కూడ లేకుండె. నాకు కావాల్సింది ఆ "నీది తప్పు" అనే మాట. అది లేని నాడు పొద్దు గడిచేది కాదు. బడికి సెలవులున్నయంటె నాకు పరేషాన్.

గంతల ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయింది. గ్రూపుల అగ్గి పుట్టింది. నేను వద్దనే అంటిని. పైసలిచ్చి ఎక్కేటోళ్లకు నిలబడ జాగ లేదు, ఉన్న బస్సులు పెంచకుండ ఫ్రీ అంటె ఎట్ల అని. మహదేవపూర్ అన్నకు ఎన్నడు రాని కోపం వచ్చింది. "జనగామా, నీకు తెలివి లేదు. మొగోనివి, గల్లా మీద కూసున్నవ్. బస్సు పైసలు లేక తల్లిగారింటికి పోలేని ఆడిదాని బాధ నీకేం తెలుస్తది? ఇంట్ల నీ పెండ్లాన్ని అడుగు, ఆమె చెప్తది." నేను గల్లా మీద తలకాయ పెట్టి నవ్విన నవ్వుకు మా ఆయన గోదాంలకెళ్లి ఉరికొచ్చిండు. ఏమైందని అడిగితె ఏం చెప్పాలె? నవ్వి నవ్వి కండ్లపొంటి నీళ్లొచ్చినయి. నవ్వు ఆగినంక ఆలోచన వడ్డది. మా ఆయన నాకు పైసలు కాదన్నోడు కాదు. నేను జఫర్‌గఢ్ పోయేది కారుల. బస్సు ఆపుకోని నిలబడ్డ ఆడిదాని సంగతి నిజంగనే నాకు తెల్వదు. నేను ఆడిదాన్నైనా ఆయన మాటే కరెక్టు.

ఆ సంగతి ఆయనకు చెప్పకుండ నేనే సాగదీసిన. దాని మీద కొట్లాట వారం దాటినా తెగకపోయే సరికి ఆయనే రాసిండు. "నేను సెలవులకు మానుకోట దిక్కు మా తండాకు వస్తున్న. నువ్వూ రా. ఎదురుబొదురు కూసోని తేల్చుకుందాం." మానుకోట అన్న, స్టేషన్ కాడ తన జిరాక్స్ దుకాణం ఉన్నది, అక్కడికే రాన్రి, చాయ్ నాది అన్నడు.

పోవద్దనే అనుకున్న. పోతె తెలిసిపోతది. కని ఆ మాటలు చెవులతోని వినాలని ప్రాణం కొట్టుకున్నది. రాతల గింత మంచిగున్నది, ముంగట కూసోని నువ్వంటె నువ్వని వాదన పెట్టుకుంటె ఎట్లుంటదో. మా బాపు అరుగు మల్ల నాకు దొరుకుతదనిపించింది. పైగ, ఆయన గెలిచిండని ఆయన మొఖం మీదనే చెప్పాలె అనుకున్న. అందుకని కారు వద్దని మా ఆయనకు చెప్పి, ఆధార్ కార్డు పట్టుకోని, తొర్రూర్ మీదికెళ్లి బస్సుల పోయిన. నా పెండ్లయినంక బస్సెక్కింది గదే మొదలు. పక్క సీట్ల ఒకామె మానుకోట దవాఖానల ఉన్న తన చెల్లెను చూడనీకి పోతాంది. "ఇదివరకు పండ్గకే చూస్తుంటి, ఇప్పుడు మనసైనప్పుడు పోతున్న" అన్నది. ఆ మాట చెప్పాలె మహదేవపూర్ అన్నకు అని దారిపొడుగుత లోపల్లోపల అనుకుంటనే ఉన్న.

జిరాక్స్ దుకాణం ముంగట ప్లాస్టిక్ కుర్చీల ఇద్దరు కూసోని ఉన్నరు. ఒకాయన నెత్తి నెరిసినోడు, మానుకోట అన్న. ఇంకొకాయన సన్నగ, ఇస్త్రీ అంగీ, జేబుల పెన్ను. ఫోన్ల వాళ్ల భాషల ఎవరితోనో మాట్లాడుతున్నడు. ఆ భాష వినంగనే నాకు తెలిసిపోయింది, ఈయన్నే అని. పోయి నిలబడ్డ. ఇద్దరూ నన్ను చూసి, నా ఎనుక చూసిన్రు.

"ఏం కావాలె అక్కా, జిరాక్సా?" అన్నడు మానుకోట అన్న.

"జనగామ నుంచి వచ్చిన" అని చెప్పిన.

"ఔనా, రా అక్కా రా. అన్న ఏడి, బండి పెడుతున్నడా?"

"అన్న లేడు. జనగామ నేనే."

సార్ చెయ్యిల ఫోన్ అట్లనే ఉన్నది, అండ్లకెళ్లి ఎవరిదో గొంతు వినవడుతాంది. ఫోన్ బంద్ చేసి లేచి నిలబడ్డడు. తన కుర్చీ జేబు రుమాలుతోని తుడిచి నా ముంగటికి జరిపిండు. "కూసోన్రి అక్కా" అన్నడు. నిన్నటిదాక "నువ్వు" అన్న మనిషి.

అయినా పట్టు విడవలే. బస్సు టికెట్ తీసి ఆయన ముంగట పెట్టి, "గిదో జీరో టికెట్, పైస కట్టలే. చూడు, నువ్వే గెలిచినవ్. కని ఒక మాట అడుగుత, బస్సులెందుకు పెంచలే? దానికి నీ జవాబేంది?" అని అడిగిన. ఇగ అందుకుంటడు, అందుకుంటడు అని చూస్తున్న.

ఆయన చేతులు జోడించిండు. "అక్కా, నేను తెల్వక ఏమేమో అన్న. పెండ్లామని గదని గిదని. మనసుల పెట్టుకోకున్రి. మాఫ్ చెయ్యున్రి."

"నువ్వు అన్నది నిజమే కద అన్నా."

"కాదక్కా. మీరు పెద్దోళ్లు. మీరన్న పాయింట్ కూడ కరెక్టే ఉన్నది."

చాయ్ వచ్చింది, ఉస్మానియా బిస్కట్లు వచ్చినయి. ఎంతమంది పిల్లలక్కా, ఏం చదువుతున్నరక్కా, బావ ఏం చేస్తడక్కా అని అడిగిన్రు. నేను కరెంటు బండ్ల మాట తీసిన, డ్రోన్లతోని మందు కొట్టుడు తీసిన. ప్రతి దానికి తలకాయ ఊపిన్రు. పోయేటప్పుడు సార్ బస్టాండ్ దాక వచ్చి, సీటు చూసి కూసోబెట్టి, నీళ్ల బాటిల్ కొనిచ్చిండు. సొంత తమ్ముడు కూడ అంత మంచిగ చూసుకోడు. బస్సు కదిలినంక నాకు దుఃఖం ఆగలే.

ఇంటికొచ్చి చూస్తె గ్రూపుల నా పేరు జనగామ అక్క అయింది. "అక్క ఉన్నది, భాష జర చూసుకోన్రి" అని మానుకోట అన్న రాసిండు. దాని కింద అందరు దండం పెట్టిన బొమ్మలు. అప్పటిసంది గ్రూపుల గాలి మారింది. నేను ఏదన్న రాస్తె చాలు, మంచిగ చెప్పిన్రక్కా, నిజమక్కా. మొగుళ్లపల్లి అన్నయితె నేను రాసింది సదివిండో లేదో, దండం మాత్రం ముందే పెడుతడు. వాళ్లు వాళ్లు కొట్లాడుకుంటనే ఉన్నరు, నా కాడికి వచ్చే సరికి పక్కకు జరిగి దారి ఇస్తరు. మా ఆయనకు సంగతంత చెప్పిన. "మంచిదే కదనే, మర్యాద ఇస్తున్నరు" అన్నడు. మర్యాద నాకు దుకాణంల కావాల్సినంత దొరుకుతది. దాని కోసం నేను ఫోన్ పట్టుకోలే.

ఈ ఎండకాలం ఇగ పానం ఊకోక ఒక పని చేసిన. మా బజార్ల రంగులేసి పువ్వులు గీసిన కుండలు అమ్మవట్టిన్రు, నల్లా కూడ పెట్టి. ఒకటి కొంటిమి. చూడనీకి ముద్దుగున్నది గని నీళ్లు చల్లగ కాలే. ఎందుకు కాలేదో నాకు తెలుసు. మట్టి కుండకు సన్నటి రంధ్రాలుంటయి, అండ్లకెళ్లి నీళ్లు చెమర్చి ఆరితెనే లోపలియి చల్లగైతయి. రంగు పూస్తె ఆ రంధ్రాలు మూసుకపోతయి. తెలిసి తెలిసి నేను గ్రూపుల తిరగేసి రాసిన. "కుండల చలువ మట్టి గుణం. చెమర్చుడు, ఆరుడు అంత ఉత్త మాట. పైన ఎంత మందం రంగు పూసినా నీళ్లు గంతే చల్లగైతయి. కాదనేటోళ్లు ఉంటె చెప్పున్రి."

మహదేవపూర్ అన్న సైన్స్ సారు. ఏడాదికొకసారి పిల్లలకు ఈ పాఠం చెప్తడు. బల్ల మీద కుండ పెట్టి చెప్తడని ఆయనే ఒకప్పుడు రాసిండు. పగటన్నం యాళ్లకు, చూసినోళ్ల వరుసల మహదేవపూర్ అని వడ్డది. రాస్తున్నడు అని పైన వచ్చింది. గిరాకి వచ్చి ముంగట నిలబడ్డా నేను లేవలే. మల్ల ఆగింది. మల్ల రాస్తున్నడు అని వచ్చింది.

"మంచి విషయం చెప్పిన్రక్కా" అని వచ్చింది. పక్కన రెండు చేతులు జోడించిన బొమ్మ.

గ్రూపుల కాదు, ఆయన ఒక్కనికే రాసిన. "అన్నా, నేను రాసింది తప్పు. తప్పని నీకు తెలుసు. ఎందుకనలే?"

జవాబు వచ్చింది.

"తెలుసక్కా. కని అంతమందిల మిమ్ములను పట్టుకోని తప్పని ఎట్లంట?"

గిరాకికి పప్పు తూకం పోయించి, పైసలు తీసుకోని, వచ్చి మల్ల అదే చూసుకుంట కూసున్న. జవాబు రాసిన గని పంపలే, ఇంకా ఫోన్ల అట్లనే ఉన్నది. గదే అంతమందిల, నువ్వు నన్ను తెలివి లేదన్నవు గదా అన్నా. ఎంత మంచిగుండె.